"మూలంలో అలా లేదు" అన్నంతమాత్రాన

ప్రసంగాల్లోనూ వాక్యధ్యానాల్లోనూ ఒక మాట వినబడగానే సభ మొత్తం సర్దుకొని కూర్చుంటుంది: "మూలభాషలో ఇక్కడ అలా లేదు." ఆ మాట అన్నవారికి అప్పటిదాకా లేని అధికారం ఎక్కడినుంచో వచ్చేస్తుంది. చేతిలో తెలుగు బైబిలు పట్టుకొని కూర్చున్నవారికి అప్పటిదాకా ఉన్న ధైర్యం కాస్త సడలుతుంది. చిన్నప్పటినుంచి కంఠస్థం చేసిన వచనం ఇన్నాళ్లూ తనను మోసగించిందేమోనన్న అనుమానం మనసులో పడ్డాక, ఆ తర్వాత చెప్పేదాన్ని నిలదీసేవారు ఉండరు. ఎందుకంటే నిలదీయాలంటే గ్రీకో హెబ్రీయో వచ్చి ఉండాలి కదా!

నాకూ ఆ భాషల్లో పాండిత్యం లేదు. వ్యాకరణాన్నీ నిఘంటువునూ పక్కన పెట్టుకొని ఒక వచనాన్ని కూడబలుక్కోగలను, అంతే. అయితే ఆ కొద్దిపాటి పరిచయం నాకు ఒక సంగతి గట్టిగా నేర్పింది. అనువాదం మూలంతో విభేదించినట్లు కనబడినప్పుడు తీర్పు చెప్పవలసింది నిఘంటువు కాదు, ఆ మాట కూర్చున్న వాక్యమూ ఆ వాక్యం నడిపిస్తున్న వాదమూను. విడి మాటను పట్టుకొని అనువాదాన్ని కొట్టిపారేయడం మూలానికి విధేయత అనిపించుకోదు. అలాగే అనువాదంలో ఉన్న మాటనే దేవుడు పలికిన మాటగా పట్టుకు వేలాడటం కూడా విధేయత అనిపించుకోదు. ఈ రెండు తప్పుల్లో మొదటిది నేడు ఎక్కువ గౌరవం పొందుతోంది కనుక ముందు దాని సంగతి చూద్దాం.

యోహాను సువార్త 21వ అధ్యాయంలో తిబెరియ సముద్రతీరాన యేసు పేతురును మూడుసార్లు "నన్ను ప్రేమించుచున్నావా" అని అడిగే ఘట్టం అందరికీ తెలిసినదే. తెలుగులో ప్రశ్నలోనూ జవాబులోనూ ఉన్నది ప్రేమే. గ్రీకులో మాత్రం మొదటి రెండు ప్రశ్నల్లో అగపావో అనే క్రియ, మూడో ప్రశ్నలోనూ పేతురు చెప్పిన మూడు జవాబుల్లోనూ ఫిలేవో అనే క్రియ ఉన్నాయి. దీని మీద కట్టిన ప్రసంగాన్ని వినని విశ్వాసి ఉండడేమో. అగపే అంటే నిస్స్వార్థమైన దైవప్రేమ, ఫిలియా అంటే వట్టి స్నేహం. యేసు దైవప్రేమను అడిగితే పేతురు స్నేహం దగ్గరే ఆగిపోయాడు. చివరికి యేసే ఒక మెట్టు దిగివచ్చాడు. ఇంత రహస్యాన్ని మన తెలుగు అనువాదకులు ఒక్క 'ప్రేమ'తో తుడిచిపెట్టేశారు. ప్రసంగం రసవత్తరంగానే ఉంటుంది. చిక్కల్లా యోహాను దానికి ఒప్పుకోకపోవడమే.

తండ్రి కుమారుని ప్రేమిస్తున్నాడని యోహాను 3:35లో చెప్పినప్పుడు ఆయన వాడిన క్రియ అగపావో. అదే సంగతిని 5:20లో చెప్పినప్పుడు వాడినది ఫిలేవో. తండ్రికి కుమారునిమీద ఉన్నది రెండు అధ్యాయాలు తిరిగేసరికి వట్టి స్నేహంగా దిగజారిందని ఎవరూ అనరు. యేసు ప్రేమించిన శిష్యుడు అన్న మాట కూడా ఈ సువార్తలో రెండు క్రియలతోనూ కనిపిస్తుంది. పోనీ అగపావో ఎప్పుడూ ఉన్నతమైన ప్రేమేనా అంటే, "మనుష్యులు వెలుగును ప్రేమింపక చీకటినే ప్రేమించిరి" అన్నచోట ఉన్నదీ ఆ క్రియే. పౌలును విడిచిపోయిన దేమా లోకాన్ని కోరుకున్నదీ ఆ క్రియతోనే. ఇక్కడొక తమాషా ఉంది. మన పాత తెలుగు బైబిలు 2 తిమోతి 4:10లో ఆ అగపావోను "దేమా యిహలోకమును స్నేహించి" అని అనువదించింది. ప్రసంగీకులు స్నేహం కానే కాదని చెప్పే క్రియనే మన అనువాదకులు స్నేహమన్నారు, ఆ వాక్యంలో అది చక్కగా అతికింది కూడా.

యోహాను 21లోనే మరికొంచెం దగ్గరగా చూస్తే, మారుతున్నది ప్రేమించే క్రియ ఒక్కటే కాదని తెలుస్తుంది. గొఱ్ఱెపిల్లలు ఒకచోట, గొఱ్ఱెలు మరోచోట. మేపడం ఒకచోట, కాయడం మరోచోట. పేతురు చివరి జవాబులో "ఎరుగుదువు" అన్న అర్థం వచ్చే క్రియలు కూడా రెండు. ఒకే మాటను వెంటవెంటనే తిరిగి వాడకుండా పర్యాయపదాలతో నడిపించడం ఈ సువార్తికుని రచనాశైలిలో ఉన్న అలవాటు. మూడోసారి పేతురు దుఃఖపడింది క్రియ మారినందుకని చెప్పడానికి వచనంలో ఆధారం లేదు. "మూడవసారి" తనను అలా అడిగినందుకు దుఃఖపడ్డాడని వచనమే చెబుతోంది. మూడుసార్లు ఎరుగనని బొంకినవాడికి మూడో ప్రశ్న ఎక్కడ తగిలిందో చెప్పడానికి గ్రీకు అక్కర్లేదు.

అయితే అదే అధ్యాయంలో తెలుగు చదువరికి నిజంగా అందనిది ఒకటుంది, దాన్ని ఎత్తి చూపే ప్రసంగాలు నేను విన్నది తక్కువ. 9వ వచనంలో శిష్యులు ఒడ్డుకు వచ్చేసరికి అక్కడ నిప్పులు, వాటిమీద చేపలు కనబడ్డాయి. ఆ నిప్పులకు గ్రీకులో ఉన్న మాట అంత్రకియా, అంటే బొగ్గుల మంట. కొత్త నిబంధన మొత్తంలో ఆ మాట ఇంకొక్కచోటే వస్తుంది: యోహాను 18:18లో, ప్రధాన యాజకుని ఇంటి ముంగిట, పేతురు చలికాచుకొంటూ నిలబడి తన గురువును ఎరుగనన్న చోట. తెలుగులో ఒకచోట మంట, ఇంకోచోట నిప్పులు కావడంతో ఆ రెండు దృశ్యాలను ముడివేసిన దారం కంటికి ఆనదు. మూలభాష నేర్చుకొన్నందుకు ఫలితం ఇలాంటి చోట దక్కుతుంది. ఇక్కడ ఆ మాట కొత్త సిద్ధాంతమేదీ చెప్పలేదు. కథ ముందునుంచీ చెబుతున్నదాన్నే మరికాస్త ముందుకు తెచ్చింది.

వ్యుత్పత్తి పేరుతో జరిగేవి ఇంతకన్న తేలికైన పొరపాట్లు. 'సువార్త దేవుని శక్తి' అన్నచోట గ్రీకు మాట దునమిస్ కాబట్టి పౌలు మనసులో ఉన్నది డైనమైట్ అంటారు. ఆల్‌ఫ్రెడ్ నోబెల్ తన పేలుడు పదార్థానికి ఆ పేరు పెట్టుకొన్నది 1867లో! సంఘానికి మూలపదమైన ఎక్లేసియాను ముక్కలు చేసి 'బయటికి పిలువబడినవారు' అంటారు. ఎఫెసు నాటకశాలలో ఎందుకు గుమిగూడారో తమకే తెలియక రెండు గంటలసేపు అరిచిన జనానికి కూడా అపొస్తలుల కార్యములు 19వ అధ్యాయంలో వాడినది ఎక్లేసియానే. చెంబు అన్న మాటలో రాగి ఉందని స్టీలు చెంబును రాగిదని ఎవరైనా వాదిస్తారా?

ఇక రెండో తప్పు. అనువాదం ఒకసారి చెవికి అలవాటయ్యాక దాన్ని కదిలించడం ఎంత కష్టమో క్రీస్తుశకం 403లో ఉత్తర ఆఫ్రికా బిషప్పు అగస్టీను, బైబిలు అనువాదకుడైన జెరోముకు రాసిన ఉత్తరం చెబుతుంది. యోనా తలకు నీడ ఇచ్చిన మొక్కను హెబ్రీలో కీకాయోన్ అంటారు. గ్రీకు అనువాదంలోనూ పాత లాటిన్‌లోనూ అది సొర. జెరోము హెబ్రీనుంచి నేరుగా చేసిన కొత్త లాటిన్ అనువాదంలో దానికి గోడలకు పాకే ఐవీ తీగ పేరు పెట్టాడు. ఇప్పటి లిబియాలోని ట్రిపోలీ ఆనాడు ఓయా అనే పట్టణం. అక్కడి బిషప్పు ఈ కొత్త అనువాదాన్ని చదివిస్తే, తరతరాలుగా విన్న మాట మారిందని సభలో పెద్ద గొడవ లేచింది. ఊరిలోని యూదులను అడిగితే వారు కూడా పాత అనువాదాల పక్షానే సాక్ష్యమిచ్చారట. చివరికి తన సభ తనకు మిగలదేమోనన్న భయంతో ఆ బిషప్పు మాట దిద్దుకోవలసి వచ్చిందని అగస్టీను రాశాడు. జెరోము ఇచ్చిన జవాబు నాకు చాలా ఇష్టం. ఆ మొక్కకు లాటిన్‌లో పేరు లేదనీ, హెబ్రీ మాటను అలాగే ఉంచితే ఎవరికీ అర్థం కాదనీ, సొర అంటే హెబ్రీలో లేనిది చెప్పినట్లవుతుందనీ, అందుకే తనకు ముందటి కొందరు అనువాదకులను అనుసరించాననీ ఆయన ఒప్పుకొన్నాడు. పండితుల్లో చాలామంది ఇప్పుడు ఆ కీకాయోన్ ఆముదపు మొక్క అంటారు. మన తెలుగు బైబిలులో ఇప్పటికీ సొరచెట్టే ఉంది. యోనా గ్రంథం ఆ మొక్క జాతి మీద ఆధారపడలేదు గనుక అది సొరైనా ఆముదమైనా కథకు నష్టం లేదు. పుట్టిన రాత్రి మరునాటికే వాడిపోయిన మొక్క కోసం ఏడ్చేవాడికి మహాపట్టణం పట్టలేదన్నదే ఆ కథకు గుండెకాయ.

అన్ని తేడాలూ అంత నిరపాయకరం కావు. మత్తయి 4:17లో యేసు మొదటి ప్రకటన గ్రీకులో మెటనోయేటె. జెరోము లాటిన్ అనువాదంలో అది పశ్చాత్తాప విధిని ఆచరించండి అన్న అర్థం వచ్చే మాటగా మారింది, మధ్యయుగాల్లో దాన్ని ఒప్పుకోలు, ప్రాయశ్చిత్తం అనే ఆచారంతో జోడించి చదివారు. 1516లో డచ్ పండితుడు ఎరాస్మస్ సిద్ధం చేసిన గ్రీకు కొత్త నిబంధన అచ్చయ్యాక ఆ జోడింపుకు మూలంలో చోటు లేదని తేటపడింది. 1517లో జర్మన్ సంస్కర్త లూథర్ ప్రకటించిన 95 వాదాంశాల్లో మొట్టమొదటిది ఈ వచనం గురించే. అక్కడ మూలం అనువాదాన్ని సరిదిద్దింది, దిద్దవలసినదే. ఈ ఒక్క మాట విషయంలో మన తెలుగువారు అదృష్టవంతులు. "మారుమనస్సు పొందుడి" అన్న దానికన్న మూలానికి దగ్గరగా ఉండే మాట ఏ భాషలోనైనా దొరకడం కష్టమే. సొరచెట్టుకూ దీనికీ తేడా ఎక్కడుందంటే, ఇక్కడ ఆ మాట మీద ఒక వ్యవస్థ నిలబడింది. తేడా ఎంత పెద్దదన్నది నిఘంటువులో అర్థాల మధ్య దూరాన్ని బట్టి తేలదు, ఆ మాట మీద ఎంత బరువు మోపారన్న దాన్ని బట్టే తేలుతుంది.

ఇంతవరకు మూలం వేరు, అనువాదం వేరు అన్నట్లు మాట్లాడాను. లేఖనమే ఆ గీతను చెరిపేసే చోట్లున్నాయి, 'మూలమే చివరి మాట' అనేవారు వాటి దగ్గర ఆగి ఆలోచించాలని నా మనవి. 40వ కీర్తన 6వ వచనం తెలుగులో "నీవు నాకు చెవులు నిర్మించియున్నావు" అని ఉంది. హెబ్రీలో చెవులు తవ్వావు అని ఉంది, అంటే వినే శక్తినిచ్చావు, విధేయునిగా చేశావు. అదే వచనాన్ని హెబ్రీయులకు వ్రాసిన పత్రిక 10:5 ఉదాహరిస్తూ "నాకొక శరీరమును అమర్చితివి" అంటుంది. ఒకే బైబిలులో, ఒకే అట్టల మధ్య, ఒకే వచనం రెండు రకాలుగా ఉంది. పత్రికా రచయిత ముందున్నది హెబ్రీ కీర్తన కాదు, గ్రీకు అనువాదం. అందులో చెవుల స్థానంలో శరీరమే ఉంది. ఆయన ఆ మాటను ఏదో అలంకారానికి ఉదాహరించలేదు. ఐదు వచనాల తర్వాత "యేసుక్రీస్తుయొక్క శరీరము ఒక్కసారియే అర్పింపబడుటచేత" అంటూ తన వాదాన్ని దాని మీదే ముగించాడు.

"మూలంలో అలా లేదు" అన్న ఆయుధాన్ని ఇక్కడ ఎత్తితే అది అపొస్తలిక పత్రిక మీదే పడుతుంది. యెరూషలేము సభలో యాకోబు ఆమోసు గ్రంథాన్ని ఉదాహరించిన తీరు కూడా ఇలాంటిదే: హెబ్రీలో "ఎదోము శేషము" ఉన్నచోట గ్రీకులో మనుష్యుల్లో మిగిలినవారు ఉన్నారు, అన్యజనులను చేర్చుకోవాలన్న వాదానికి ఆయనకు అక్కరకొచ్చింది ఆ గ్రీకు పాఠమే. మరి ఆదిమ సంఘం మూలాన్ని నిర్లక్ష్యం చేసిందా? నేను అలా అనుకోను. 40వ కీర్తనను మొదటినుంచి చదివితే, బలులకన్న దేవుని చిత్తం నెరవేర్చే మనిషే కావాలన్నది దాని సారం. చెవులిచ్చాడన్నా శరీరమిచ్చాడన్నా, ఆ చిత్తానికి తనను తాను పూర్తిగా అప్పగించుకొనే మనిషినే కీర్తన ముందుకు తెస్తోంది. గ్రీకు అనువాదకుడు మాటకు మాట ఇవ్వకపోయినా వాక్యం నడిచే దిక్కును తప్పించలేదు. "వచనాన్ని అక్షరాలా అనువదించేవాడు అబద్ధికుడు, దానికి కలిపేవాడు దైవదూషకుడు" అని యూదు బోధకుల చర్చల సంకలనమైన తల్మూదులో రబ్బీ యూదా పేరుతో ఒక మాట ఉంది. రెండు నిందలకూ మధ్య ఎంత ఇరుకు దారి ఉందో ఆ రబ్బీకి బాగా తెలుసు.

మన భాషలోకి వచ్చేసరికి ఆ దారి మరింత ఇరుకవుతుంది, దానికి కారణం అనువాదకుల అసమర్థత కాదు. గ్రీకు ఊరుకొన్నచోట తెలుగు ఊరుకోదు. వినేవాణ్ణి కలుపుకొనే 'మనము', కలుపుకోని 'మేము' మనకు వేర్వేరు మాటలు. గ్రీకుకు ఆ భేదం లేదు. తుఫానులో పడవ మునిగిపోతుండగా శిష్యులు నిద్రపోతున్న యేసును లేపి "బోధకుడా, మేము నశించిపోవుచున్నాము, నీకు చింతలేదా?" అంటారు మార్కు 4:38లో. గ్రీకులో ఉన్నది ఒక్క క్రియ, దానిలో 'మేము' ఎంత ఉందో 'మనము' అంతే ఉంది. యేసు కూడా తమతోపాటు మునిగిపోతున్నాడని వారు భయపడ్డారా, ఆయనను పక్కకు పెట్టి తమ ప్రాణాల గురించే మొరపెట్టారా? గ్రీకు చదువరి ఈ ప్రశ్నను గమనించకుండానే దాటిపోవచ్చు. తెలుగు అనువాదకుడు జవాబు చెప్పకుండా ఒక్క అక్షరం ముందుకు కదలలేడు. ఆయన చెప్పిన జవాబు సరైనదనే నాకు తోస్తుంది, వెంటనే "నీకు" అన్న మాట వచ్చి యేసును అవతలి వైపు నిలబెడుతోంది గనుక. అయినా అది జవాబే, మూలంలో ఉన్న మాట కాదు. శిష్యుల అవిశ్వాసం గురించి ఆ 'మేము' మీద ఒక ప్రసంగం కట్టడం మాత్రం తగదు.

1 యోహాను 1:4లో ఈ చిక్కు ఇంకా అందంగా కనబడుతుంది: "మన సంతోషము పరిపూర్ణమవుటకై మేము ఈ సంగతులను వ్రాయుచున్నాము." ఒకే వాక్యంలో మన, మేము. గ్రీకులో రెంటికీ ఒకటే సర్వనామం. పైగా ప్రతులలో కొన్నింట 'మా సంతోషము' అనీ, కొన్నింట 'మీ సంతోషము' అనీ ఉంది. గ్రీకులో ఆ రెంటికీ ఒక్క అచ్చు తేడా, కాలక్రమంలో ఉచ్చారణలో అదీ పోయింది. మన అనువాదకుడు 'మన' అనడంతో రాసేవారూ చదివేవారూ ఇద్దరూ ఆ సంతోషంలోకి వచ్చేశారు. అంతకు ముందు వచనంలో "మాతోకూడ సహవాసము" గురించి చెప్పిన ఉత్తరానికి ఇది ఎంత బాగా నప్పిందో! ఇంగ్లీషులో తెగని చిక్కు తెలుగులో ఒక్క మాటతో హాయిగా సర్దుకొంది. అనువాదం ఎప్పుడూ పోగొట్టుకొనేదే అన్న మాటను నేను ఒప్పుకోకపోవడానికి ఇలాంటి చోట్లే కారణం.

గౌరవవాచకాల సంగతి దీనికి తోడు. యోహాను 9లో పుట్టుగ్రుడ్డిని యేసు బాగుచేస్తాడు. కథ మొదటి మాటనుంచీ యేసు మనకు 'ఆయన'. గ్రుడ్డివాడు 'వాడు': "వాడు వెళ్లి కడుగుకొని చూపు గలవాడై వచ్చెను." గ్రీకులో ఇద్దరికీ ఒకే రకం సర్వనామం, ఒకే రకం క్రియ. యేసు ఎవరన్నదే ఆ అధ్యాయం నడిపే వివాదం. పొరుగువారు, పరిసయ్యులు, తల్లిదండ్రులు తలా ఒక మాట అంటుండగా ఆ గ్రుడ్డివాడు మెట్టు మెట్టుగా ఆయనను గుర్తిస్తాడు. తెలుగు చదువరికి ఆ తీర్పు మొదటి వాక్యంలోనే సర్వనామంలో చేతికి అందిపోతుంది. పరిసయ్యులను నిలదీసి మాట్లాడిన ఆ మనిషి మాత్రం చివరిదాకా 'వాడు'గానే మిగిలిపోతాడు. ఆనాటి తెలుగు మర్యాదలో అది సహజమేమో కానీ, బిచ్చగాడికి తెలుగులో దక్కని గౌరవాన్ని యోహానుకు అంటగట్టకూడదు.

మూలం అంటున్నాం గదా, ఆ మూలం కూడా ఒక్కటిగా దొరకదు. గొల్యాతు "ఆరుమూళ్లజేనెడు ఎత్తుమనిషి" అని మన బైబిలు చెప్పేది మధ్యయుగ యూదు పండితులు స్థిరపరచిన మసోరెటిక్ హెబ్రీ పాఠాన్ని బట్టి. గ్రీకు అనువాదం, మృతసముద్రం దగ్గరి కుమ్రాను గుహల్లో దొరికిన సమూయేలు ప్రతి, యూదు చరిత్రకారుడు జోసీఫస్ ముగ్గురూ నాలుగు మూళ్ల జేనెడు అంటున్నారు. అక్కడ హెబ్రీకన్న అనువాదమే పాత పాఠాన్ని కాపాడి ఉండవచ్చు. మూలం పేరు చెప్పి అనువాదాన్ని కొట్టేవారు ఏ మూలం అన్న ప్రశ్నకు కూడా సిద్ధపడి ఉండాలి.

ఇప్పుడు నాకు దగ్గరైన వచనం ఒకటి చెబుతాను, ఎందుకంటే సూత్రం చెప్పడం తేలిక, నచ్చిన వచనం మీద దాన్ని పాటించడం కష్టం. రోమా 3:28: "కాగా ధర్మశాస్త్ర సంబంధమైన క్రియలు లేకుండ విశ్వాసమువలననే మనుష్యులు నీతిమంతులుగా తీర్చబడుచున్నారని యెంచుచున్నాము." లూథర్ తన జర్మన్ అనువాదంలో ఇక్కడ 'మాత్రమే' అన్న మాట చేర్చాడని ప్రత్యర్థులు విరుచుకుపడ్డారు. గ్రీకులో ఆ మాట లేదని ఆయనకు తెలుసు. ఒకటి కాదు, మరొకటి అని చెప్పేటప్పుడు జర్మన్ భాషకు ఆ మాట సహజమని 1530లో అనువాదం గురించి రాసిన బహిరంగ లేఖలో ఆయన సమర్థించుకొన్నాడు. మన తెలుగు అనువాదంలో ఆ చేర్పు ఎవరి కంటా పడకుండా ఒక్క 'నే'లో ఒదిగిపోయింది. "లేకుండ" అన్న తర్వాత "విశ్వాసమువలన" అని ఆపేస్తే తెలుగు చెవికి వాక్యం వెలితిగా ఉంటుంది, ఆ వెలితిని పూడ్చింది 'నే'. కాబట్టి దాన్ని తప్పనను. అయితే కొత్త నిబంధనలో విశ్వాసమూ 'మాత్రము' అన్న మాటా మూలంలోనే జంటగా కనబడే చోటు యాకోబు 2:24. "విశ్వాసమూలమున మాత్రముగాక" అని ఆ జంటను కాదనడానికే అది అక్కడ ఉంది. రోమా పత్రికలోని 'నే'ను ఎత్తిపట్టి యాకోబు నోరు మూయించబోయినప్పుడు మనం తెలుగు వ్యాకరణంతో గ్రీకు లేఖనాన్ని అణచివేస్తున్నాం. అందుకే ఈ వచనం మీద ఎవరితోనైనా మాట్లాడవలసి వస్తే నేను 'నే'ను పక్కన పెట్టేస్తాను. ముందటి వచనంలో "అతిశయకారణ మెక్కడ? అది కొట్టివేయబడెను" అన్న పౌలు ప్రశ్న దగ్గర మొదలుపెట్టి, తర్వాతి వచనంలో దేవుడు యూదులకు మాత్రమే దేవుడా అన్న ప్రశ్న దాకా చదువుతాను. అక్కడ పౌలు వేటిని తీసిపారేస్తున్నాడో, ఎవరి అతిశయాన్ని కొడుతున్నాడో ఆ మూడు వచనాలే చెబుతాయి. యాకోబు మందలిస్తున్నవాడు వేరొకడు, దిక్కులేని సహోదరునికి రొట్టె ఇవ్వకుండా సమాధానముగా వెళ్లుమని పంపేవాడు.